ఏ ట్రేడో అడిగి పరిగెత్తండి

(విజయనగరంలో రికార్డయిన చర్చా కార్యక్రమం ఇది. పాల్గొన్నవారి కోరిక మీద పేర్లకు బదులు హోదాలే ఇస్తున్నాం. వారి మాట తీరును మార్చలేదు.)

వ్యాఖ్యాత: నమస్కారం. తెల్లారగట్ల శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం వైపు వెళ్లినా, రాజాం, టెక్కలి, పలాస రోడ్ల మీద వెళ్లినా ఆర్మీలో చేరడానికి పరిగెత్తే కుర్రాళ్లు కనబడతారు. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేస్తే 60 మార్కులు, 10 పుల్‌అప్స్ తీస్తే 40 మార్కులు. ఈ లెక్క వాళ్లకి నోటికొచ్చు. ఆ గీత దాటాక ఏముంటుందో చెప్పేవాళ్లే తక్కువ. అందుకే నలుగురిని పిలిచాం. రాజాం వైపు నుంచి సిగ్నల్స్‌లో చేసిన సుబేదార్ మేజర్ గారు, మందస నుంచి మద్రాస్ రెజిమెంట్ హవల్దార్ గారు, భోగాపురం నుంచి నేవీ పెటీ ఆఫీసర్ గారు, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి పదాతిదళంలో చేసిన లెఫ్టినెంట్ కల్నల్ గారు. సుబేదార్ మేజర్ గారూ, అసలు మీరెందుకు చేరారు?

సుబేదార్ మేజర్: ఉన్నమాట చెప్తాను. మా నాన్నకి రెండెకరాల మెట్ట. వాన పడితే చోళ్లు పండేవి, లేకపోతే లేదు. నెలనెలా ఇంటికి మనియార్డర్ పంపొచ్చని వెళ్లాను. దేశం అన్న మాట అప్పుడు నోట్లో ఉంది. గుండెల్లోకి దిగింది తర్వాత, పక్కవాడూ నేనూ కలిసి మంచులో రాత్రి డ్యూటీలు చేశాక. జీతం కోసం చేరానని చెప్పుకోడానికి ఏ కుర్రాడూ సిగ్గుపడక్కర్లేదు. జీతం కోసం చేరినవాళ్లే అవసరమొచ్చినప్పుడు ప్రాణం ఇచ్చారు, నేను కళ్లారా చూశాను.

హవల్దార్: మా మందస వైపూ అంతే బాబూ. కొబ్బరి, జీడి ఉన్నోడికి పరవాలేదు. లేనోడు హైదరాబాదో, చెన్నయో కూలికి ఎల్లిపోవాల. సముద్రం పక్కోలైతే గుజరాత్ ఎల్లి బోట్లెక్కాల. ఎలాగా ఊరొదలాల్సిందే కదా, యూనిఫారం ఏసుకునే ఒదుల్దామని ఎల్లాను.

వ్యాఖ్యాత: ఏ విభాగంలో చేరుతున్నదీ అప్పుడు మీకు తెలుసా?

హవల్దార్: ఏటీ తెలీదు. పరుగు పాసయ్యాను, జనరల్ డ్యూటీ అన్నారు, సరే అన్నాను. వెల్లింగ్టన్‌లో ట్రైనింగు. ఆ పని అంటే ఏటో అక్కడికెల్లాకే తెలిసింది.

సుబేదార్ మేజర్: ఇక్కడే నేను గట్టిగా చెప్పాలి. పశ్చిమ గోదావరిలో మాధవరం ఉంది, మిలట్రీ మాధవరం అంటారు. తరతరాలుగా ఫౌజుకి పంపిన ఊరు. అక్కడి కుర్రాణ్ణి తాత కూర్చోబెట్టి చెప్తాడు, ఏ సెంటర్లో ఏం పని, ఏ ట్రేడుకి బయట విలువ ఉంటుంది అని. మన జిల్లాల్లో చాలా ఇళ్లల్లో చేరేవాడే మొదటివాడు. చెప్పే తాత లేడు. పదో తరగతిలో 45 శాతం ఉంటే జనరల్ డ్యూటీకి, అంటే జీడీకి సరిపోతుంది కాబట్టి అందరూ ఆ లైన్లోనే నిలబడతారు. ఇంటర్ ఎంపీసీ 50 శాతంతో పాసైనవాడు టెక్నికల్‌కి వెళ్లొచ్చు. ఇంటర్లో ఏ గ్రూపైనా 60 శాతం ఉండి, ప్రతి సబ్జెక్టులో 50 ఉండి, ఇంగ్లీషూ, లెక్కలో అకౌంట్సో చదివినవాడు క్లర్కుకి వెళ్లొచ్చు. వాడు కూడా జీడీ లైన్లోనే ఉంటాడు! ఎందుకురా అంటే, మావోళ్లంతా దీనికే పెట్టారండీ అంటాడు.

కల్నల్: ఒక్క మాట. జీడీ తక్కువ పనేమీ కాదు. సరిహద్దు నిలబెట్టేది వాళ్లే. నేను పదాతిదళం వాణ్ణి, ఆ మాట ఒప్పుకోలేను.

సుబేదార్ మేజర్: తక్కువని నేననలేదు సార్. బయటికొచ్చిన రోజు సంగతి చెప్తున్నాను. నేను సిగ్నల్స్‌లో ఎక్స్ఛేంజీలు, కేబుళ్లు, రేడియో సెట్లు చూశాను. పెన్షనొచ్చిన ఏడాదే టెలికాం పనిలో కుదిరాను. ఈయన నాకంటే ఎక్కువ కష్టపడ్డాడు, సియాచిన్ చూశాడు. ఈయనకి బయట ఏం దొరికిందో అడగండి.

హవల్దార్: ఏటీఎం కాడ పన్నెండు గంటలు నిలబడ్డాను. (కొద్దిసేపు ఆగి) తుపాకీ పట్టుకుని కొండలెక్కినోణ్ణి. కార్లో దిగినోడు తలుపు తియ్యమనేవోడు. తీశాను, పిల్లల చదువులున్నాయి కదా. తరవాత రైల్వే గేటు కాడ కాంట్రాక్టు పని దొరికింది. ఇప్పుడు బాగానే ఉంది. నాను చెప్పీది ఒకటే. జీడీలోకి ఎల్లండి, గర్వంగా ఎల్లండి. కానీ లోపలున్నప్పుడే డ్రైవింగో, కంప్యూటరో, ఎలక్ట్రికలో ఏదో ఒక పని చేతిలో పెట్టుకోండి. నాకు మా సుబేదార్ సాబ్ చెప్పీవోడు, కోర్సుకి ఎల్లరా అని. నాను వాలీబాల్ ఆడీవోణ్ణి.

వ్యాఖ్యాత: పెటీ ఆఫీసర్ గారూ, నేవీలో?

పెటీ ఆఫీసర్: భోగాపురం, భీమిలి పిల్లలకి నేవీ అంటే తెల్ల యూనిఫారం, విశాఖ బీచి రోడ్డులో పరేడు. నన్ను చిల్కాలో ట్రైనింగ్ అయ్యాక లోనావాలా పంపారు, ఇంజిన్ పని నేర్పడానికి. తర్వాత ఇంజిన్ రూమే నా ఇల్లు. వేడి, మోత, డీజిల్ వాసన. సముద్రం కనపడేది కాదు, ఓడలో ఉండి కూడా. పదిహేనేళ్లు చేసి బయటకొచ్చాను. విశాఖలో ఓడల మరమ్మతు పని వెంటనే దొరికింది. సుబేదార్ గారి మాట నిజం, ట్రేడే నాకు అన్నం పెడుతోంది.

కల్నల్: దీనికి ఇంకో వైపు కూడా చెప్పాలి. కోరిన సెంటరు, కోరిన విభాగం అందరికీ రావు. మెరిట్, ఖాళీలు చూసి కేటాయిస్తారు. కానీ ఏ కేటగిరీకి అప్లై చెయ్యాలన్నది కుర్రాడి చేతిలోనే ఉంది. పైగా ఇప్పుడు ఆన్‌లైన్ రాతపరీక్ష ముందు, పరుగు తర్వాత. అందులో పాసైతేనే గ్రౌండ్‌కి పిలుస్తారు. మనవాళ్లింకా కాళ్లనే నమ్ముకుంటున్నారు.

వ్యాఖ్యాత: నాలుగేళ్లకి సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం గురించి. 2022 జూన్‌లో ప్రకటించినప్పుడు ఇక్కడి కుర్రాళ్లు చాలా కలత పడ్డారు. ఇప్పుడేమంటారు?

సుబేదార్ మేజర్: లెక్క చెప్తాను, మంచిచెడ్డలు ఎవరింట్లో వాళ్లు ఆలోచించుకుంటారు. నాలుగేళ్లు. మొదటి ఏడాది నెలకి 30,000, అందులో 9,000 సేవానిధికి పోతుంది, చేతికి 21,000 వస్తుంది. నాలుగో ఏడాదికి 40,000. ప్రభుత్వం తన వంతు కలిపి బయటకొచ్చేటప్పుడు వడ్డీతో సుమారు 11 లక్షల 71 వేలు ఇస్తుంది, దానికి పన్ను లేదు. 48 లక్షల బీమా ఉంది. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. మాజీ సైనికుడి హోదా లేదు, కాబట్టి కేంటీనూ ఈసీహెచ్ఎస్ వైద్యమూ లేవు. నూటికి పాతికమంది దాకా ఉంచుకుంటారు.

హవల్దార్: మాకు ఏడాదికి రెండు నెలల సెలవూ, ఇంకో నెల క్యాజువలూ ఉండీది. అగ్నిపథ్‌లో చేరిన ఈ అగ్నివీర్లకి మొత్తం ముప్పై రోజులే. పైడితల్లమ్మ సిరిమానుకి రావాలంటే సంక్రాంతి వొదులుకోవాల.

కల్నల్: నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పదిహేడున్నర, పద్దెనిమిదేళ్లకి చేరి ఇరవై రెండుకి బయటకొచ్చేవాడికి వయసుంది, క్రమశిక్షణ ఉంది, చేతిలో డబ్బుంది. అది బలం. కానీ నాలుగేళ్లలో వాడు చదువు కొనసాగించకపోతే ఆ డబ్బు ఇల్లు కట్టడానికో, చెల్లి పెళ్లికో వెళ్లిపోతుంది, వాడు మళ్లీ వలస రైలెక్కుతాడు. కేంద్ర బలగాల్లో అగ్నివీర్లకి 2022లో 10 శాతం రిజర్వేషన్ ప్రకటించారు. ఆ పరీక్షకి లోపల ఉన్నప్పుడే చదవాలి. ఉంచుకునే పాతిక మందిలో నేనుంటాను అని నమ్మి ఎవరూ చేరకూడదు.

వ్యాఖ్యాత: నాయకత్వం సంగతికి వద్దాం. మంచి ఆఫీసర్ అంటే ఎవరు?

కల్నల్: డెహ్రాడూన్ మిలట్రీ అకాడమీలో మాకు మొదటి రోజే చూపించే మాట ఒకటుంది, చెట్‌వుడ్ హాల్లో రాసి ఉంటుంది. దేశం ముందు, నీ కింద ఉన్న జవాన్ల బాగు ఆ తర్వాత, నీ సుఖం ఎప్పుడూ చివర. దాన్ని బతికి చూపించినవాడు మా స్కూల్లోనే చదివాడు, కల్నల్ సంతోష్ బాబు. సూర్యాపేట కుర్రాడు, కోరుకొండలో పెరిగాడు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్‌గా తనే ముందు నడిచాడు. ఆ ఘర్షణలో మనవాళ్లు 20 మంది పోయారు. వెనక టెంట్లో ఉండి ఆదేశాలివ్వచ్చు కదా అని బయటవాళ్లు నన్నడిగారు. అలా ఉండేవాడైతే ఆయన వెనక జవాన్లు నడిచేవారు కాదు.

హవల్దార్: ఆయనకి దండం సార్. కానీ అది కొట్లాట రోజు మాట. మిగతా రోజుల్లో ఆఫీసరు ఎలాంటోడో సెలవు కాగితం కాడే తెలిసిపోద్ది. మా నాన్న పోయే ముందు సెలవడిగాను. అప్పుడున్న ఆఫీసరు మొహం కూడా చూళ్లేదు, యుద్ధ సాధన ఎక్సర్‌సైజ్ అయ్యాక చూద్దాం అన్నాడు. నానెల్లేసరికి దినాలైపోనాయి. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. తరవాత 2018లో తిత్లీ తుపాను వచ్చింది. అక్టోబరు 11 తెల్లారగట్ల మా వైపే తీరం దాటింది. నాను కాశ్మీర్లో ఉన్నాను. ఇంటికి ఫోను కలవదు. మా కంపెనీ కమాండరు, పిల్లోడు, నా కన్నా పదిహేనేళ్లు చిన్న, తనే వచ్చి నా మంచం మీద కూకున్నాడు. మీ ఊరు పలాస పక్కనే కదా అన్నాడు. నా ఊరు పలాస పక్కనని ఆయనకి తెలుసు బాబూ! సాయంత్రానికి సెలవు రాసీసి, బండిలో కూకోబెట్టి పంపీశాడు. వచ్చి చూస్తే ఉద్దానంలో కొబ్బరి చెట్టు నిలబడి లేదు. ఆ పిల్లోడి మాట మీద నాను ఎక్కడికైనా ఎల్లీవోణ్ణి.

కల్నల్: ఆయన చెప్పింది నేను కాదనను. దరఖాస్తు చదవకుండా సంతకం పెట్టే ఆఫీసర్లూ ఉన్నారు, చదివి కూడా తోసేసేవాళ్లూ ఉన్నారు. సైనిక్ సమ్మేళన్‌లో ఏమైనా చెప్పండి అంటారు. అందరి ముందు జవాన్ లేచి ఏం చెప్తాడు? రాత్రి లంగరు దగ్గర, అంటే జవాన్ల వంటశాల దగ్గర వాళ్లతో కూర్చుని తింటే అప్పుడు చెప్తాడు.

పెటీ ఆఫీసర్: సహాయక్ విషయం కూడా మాట్లాడదాం. మా నేవీలో ఆ పద్ధతి లేదు.

కల్నల్: మాట్లాడాల్సిందే. ఫీల్డులో సహాయక్ అంటే ఆఫీసర్ పక్కన జోడీగా నడిచే జవాన్. అక్కడ అది అవసరం. ఇంటి పనులు చేయించకూడదని ఆదేశాలున్నాయి. వాటిని దాటినవాళ్లున్నారు. మేడమ్ గారి కూరల సంచీ మొయ్యడానికి ఎవడూ మన జిల్లా నుంచి పరిగెత్తి పాసవ్వడు. అది తప్పు అని ఆఫీసర్‌గానే చెప్తున్నాను.

వ్యాఖ్యాత: ప్రేక్షకుల్లో ఉన్న అమ్మ ఒకరు చెయ్యెత్తారు. చెప్పండమ్మా.

మహిళ: మా ఆయన ఆర్మీలో చేశారండి, మూడేళ్ల కిందట పోయారు. పిల్లల జ్వరాలు, కరెంటు బిల్లులు, అత్తగారి ఆసుపత్రి, అన్నీ నేనే. ఆ కష్టానికి నేను సిద్ధపడే ఉన్నాను. కాగితాల కష్టానికి కాదండి. మిలట్రీ రికార్డులో నా పేరు ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా. ఇంటిపేరు ముందు రాశారు, ఒక చోట పొడి అక్షరం, ఒక చోట పూర్తిగా. ఫ్యామిలీ పెన్షన్‌కి ఎన్ని నెలలు తిరిగానో. బతికుండగా ఆయన ఒక్క కాగితం సరిచేస్తే నాకీ బాధ ఉండేది కాదు.

సుబేదార్ మేజర్: అమ్మా, మీరు చెప్పింది మన తెలుగువాళ్లందరికీ తగిలే దెబ్బ. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది, అక్కడి క్లర్కుకి అది అర్థం కాదు. సర్వీసులో ఉన్న ప్రతి కుర్రాడూ ఇది రాసుకోండి. పెళ్లయిన వెంటనే, పిల్ల పుట్టిన వెంటనే పార్ట్ టూ ఆర్డర్ వేయించాలి. అది పడితేనే రికార్డులో మీ భార్యకీ పిల్లలకీ ఉనికి. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, డిస్చార్జ్ బుక్, అన్నిటిలో ఒకే స్పెల్లింగ్ ఉండాలి. ఇప్పుడు పెన్షన్ అంతా స్పర్శ్ పోర్టల్‌లో ఆన్‌లైన్. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆగిపోతుంది. జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయానికి వెళ్లండమ్మా, కార్యక్రమం అయ్యాక నేనూ మీతో మాట్లాడతాను.

వ్యాఖ్యాత: బయటకొచ్చాక ఉద్యోగాల్లో కోటా ఎంత?

సుబేదార్ మేజర్: కేంద్రంలో గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం, బ్యాంకు క్లర్కుల్లో 14.5, మన రాష్ట్రంలో 2. డిస్చార్జ్‌కి ఏడాది ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు. చాలామంది ఇంటికొచ్చి ఆరు నెలలు విశ్రాంతి తీసుకుని అప్పుడు మొదలెడతారు. చదువు అలవాటు తప్పిపోతుంది, కేంటీన్ మందు అలవాటవుతుంది. నా బ్యాచి వాళ్లల్లో ఇద్దర్ని అలా పోగొట్టుకున్నాం.

వ్యాఖ్యాత: చివరి ప్రశ్న. వెనక నిలబడిన బాబు.

కుర్రాడు: సార్, ఎంపీసీ సెకండియర్ చదువుతున్నాను. ఫస్టియర్లో 78 శాతం వచ్చింది. జీడీకి పరుగు ప్రాక్టీసు చేస్తున్నాను. అకాడమీలో డబ్బు కడితే గ్యారంటీ అంటున్నారు.

హవల్దార్: ఒక్క రూపాయి ఇవ్వకు నాయనా. ఉద్యోగం ఇప్పిస్తానన్నోడు దొంగ. నేర్పుతానన్నోడి కాడికి ఎల్లు, కానీ ముందు ఎల్లి చూడు, పిల్లల్ని కొట్టీవోడేమో, సర్టిఫికెట్లు దాచీసుకునీవోడేమో కనుక్కో.

కల్నల్: 78 శాతం ఉండి ఎన్డీయే, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష రాయకపోవడం ఏంటయ్యా, ఆఫీసర్ అయ్యే దారి అది? ఏడాదికి రెండుసార్లు పెడుతుంది యూపీఎస్సీ. లెక్కలు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600, ఆ తర్వాత ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ 900. నీకు లెక్కలొచ్చు. ఇంగ్లీషు పేపరు రోజూ చదువు. మీ ఇంట్లో చెల్లెలుంటే ఆ పిల్లనీ రాయమను, 2022 నుంచి ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు.

సుబేదార్ మేజర్: దాంతో పాటు అగ్నివీర్ టెక్నికల్‌కి పెట్టు. ఒకవేళ సిపాయిగానే చేరినా ఆగిపోకు. లోపల్నుంచి ఆఫీసర్ అవ్వడానికి ఏసీసీ, అంటే ఆర్మీ క్యాడెట్ కాలేజీ దారి ఉంది. నేను దాని గురించి తెలుసుకునేసరికి నా వయసు దాటిపోయింది.

కుర్రాడు: మరి పరుగు మానెయ్యాలా సార్?

హవల్దార్: మానీకు! తారు రోడ్డు మీద మాత్రం పరిగెత్తకు, మోకాళ్లు పోతాయి, మెడికల్లో తీసీస్తారు. మట్టి మీద పరిగెత్తు. పొద్దున్న పరుగు, రాత్రి లెక్కలు.