టాబ్లెట్ ఎన్ని గంటలు పనిచేస్తోంది?

అందరికీ నమస్కారం. పార్కిన్సన్స్ ఉన్న మనిషిని వెంటబెట్టుకుని ఇంతదూరం రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. బయలుదేరే ముందు టాబ్లెట్ టైము చూసుకోవాలి, దారిలో కాళ్లు అతుక్కుపోతే పట్టుకోవాలి. అయినా వచ్చారు, సంతోషం.

ఓపీలో నన్ను ఎక్కువమంది అడిగే మాట ఇది: "డాక్టరుగారూ, మా నాన్నగారికి మెదడు ఆపరేషన్ చేయిస్తే వణుకు పోతుందటగా, చేయించమంటారా?" నేను వెంటనే జవాబు చెప్పను. "టాబ్లెట్ వేసుకున్నాక ఎంతసేపు బాగుంటున్నారు? ఆ బాగున్న టైములో ఎలా నడుస్తున్నారు?" అని అడుగుతాను. చాలామంది దీనికి సరిగ్గా చెప్పలేరు. కానీ ఆపరేషన్ ఎవరికి పనికొస్తుందో, ఎవరికి రాదో చాలావరకు తేల్చేది ఈ ప్రశ్నే.

పార్కిన్సన్స్‌లో మెదడు లోతున డోపమైన్ తయారుచేసే కణాలు చనిపోతూ ఉంటాయి. లెవోడోపా టాబ్లెట్ మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. మన దూలగొండి గింజల్లో కూడా లెవోడోపా ఉంటుంది. అలాగని డాక్టరుకి చెప్పకుండా ఆ పొడి టాబ్లెట్లతో కలిపి వాడొద్దు, అందులో మోతాదు ఎంతో ఎవరూ చెప్పలేరు. మొదటి కొన్నేళ్లు టాబ్లెట్ చక్కగా పనిచేస్తుంది. తర్వాత పొద్దున 8కి వేసుకున్నది 11కే దిగిపోతుంది, మనిషి బిగుసుకుపోతాడు. దీన్ని 'ఆఫ్' అంటాం, టాబ్లెట్ పనిచేసే టైమును 'ఆన్' అంటాం. మోతాదు పెంచితే ఒళ్లంతా మెలికలు తిరుగుతూ ఊగిపోతుంది. ఇటు బిగుసుకుపోవడం, అటు ఊగిపోవడం, మధ్యలో మిగిలేది ఓ గంటో రెండు గంటలో. మీరు అడిగే మెదడు ఆపరేషన్, అంటే మెదడులో వైరు పెట్టి కరెంటు ఇచ్చే డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్), ఇలాంటి వాళ్ల కోసమే.

ఇది ఎలా బయటపడిందో చెబుతాను. అప్పట్లో వణుకు తగ్గించడానికి మెదడులో చిన్న చోటు కాల్చేసేవారు. కాల్చే ముందు సరైన చోటేనా అని కరెంటు ఇచ్చి చూసేవారు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీమ్ లూయీ బెనబీద్ అనే సర్జన్ అలా చూస్తూ కరెంటు వేగం సెకనుకు 100 సార్లకు దగ్గరగా పెంచేసరికి రోగి వణుకు ఆగిపోయింది. కరెంటు ఆపితే మళ్లీ మొదలైంది. అంటే కాల్చక్కర్లేదు, వైరు అక్కడే ఉంచి కరెంటు ఇస్తూ ఉంటే చాలు. ఇబ్బంది వస్తే తగ్గించొచ్చు, ఆపేయొచ్చు కూడా. ఆ తర్వాత అమెరికాలో మాలన్ డిలాంగ్ కోతులపై చేసిన పరిశోధన సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చోటు వైపు దారి చూపింది. 1993లో బెనబీద్ బృందం అక్కడ ఎలక్ట్రోడ్ పెట్టింది. వణుకుతో పాటు బిగుసుకుపోవడం, నెమ్మదించడం కూడా తగ్గాయి.

ఆ చోటు రెండు వైపులా ఒక్కో శనగగింజంత ఉంటుంది. అందుకే తలకు ఫ్రేమ్ బిగించి, స్కాన్ తీసి, లెక్క వేసుకుని వెళ్తారు. చాలా చోట్ల రోగిని మెలకువగానే ఉంచుతారు. ఇది వినగానే అందరికీ టెన్షన్. తలపై చర్మానికి మత్తు ఇస్తారు, మెదడుకు దానంతట దానికి నొప్పి తెలియదు. ముందురోజు రాత్రి నుంచే టాబ్లెట్లు ఆపేస్తారు కాబట్టి చెయ్యి కర్రలా బిగుసుకుని ఉంటుంది. ఒకరు ఆ మణికట్టు పట్టుకుని మెల్లగా ఆడిస్తూ ఉంటారు. కరెంటు ఇవ్వగానే ఆ బిగువు సడలడం చేతికి తెలుస్తుంది. "వేళ్లు ఆడించండమ్మా" అంటే గబగబా ఆడిస్తారు. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు కొత్తగానే ఉంటుంది. తర్వాత పూర్తి మత్తు ఇచ్చి, ఛాతీ పైభాగంలో చర్మం కింద బ్యాటరీ పెట్టి, చెవి వెనక నుంచి వైరు కలుపుతారు.

ఇప్పుడు అసలు మాట. టాబ్లెట్ బాగా పనిచేసిన గంటలో మనిషి ఎలా ఉంటాడో, ఆపరేషన్ ఆ గంటను రోజంతా సాగదీస్తుంది. అంతకు మించి ఇవ్వదు. వణుకు ఒక్కటే మినహాయింపు, టాబ్లెట్‌కు లొంగని వణుకు కూడా దీనికి లొంగవచ్చు. టాబ్లెట్ బాగా పనిచేస్తున్నప్పుడు కూడా పడిపోతున్నవాళ్లకు, జ్ఞాపకశక్తి పోయినవాళ్లకు ఇది సాయపడదు. జబ్బు ముదరడాన్నీ ఆపదు.

ఒకసారి ఎకరం పొలం అమ్మి వేరేచోట ఆపరేషన్ చేయించుకున్న ఒకాయన్ని నా దగ్గరికి తీసుకొచ్చారు. ఆయనకు మొదటి ఏడాది నుంచే వెనక్కి పడిపోవడం ఉంది, కళ్లు కిందికి తిప్పలేకపోతున్నారు, టాబ్లెట్ ఎప్పుడూ పనిచేయలేదు. అది పార్కిన్సన్స్ కాదు, పీఎస్‌పీ అనే వేరే జబ్బు. దానికి డీబీఎస్ పనిచేయదు. ఆ కుటుంబం ముఖాలు నేను మరిచిపోలేను. అందుకే ఎవరు తొందరపెట్టినా ముందు 'ఆఫ్-ఆన్' పరీక్ష చేయించమని అడగండి. రాత్రి నుంచి మందు ఆపి పొద్దున నడక, చేతులు చూసి మార్కులు వేస్తారు. మందు ఇచ్చి మళ్లీ చూస్తారు. కనీసం 30 శాతం తేడా కనిపించాలి.

మెదడులో రక్తస్రావం నూటికి ఒకరిద్దరికి రావచ్చు. ఇన్ఫెక్షన్ రావచ్చు, మాట ముద్దగా అవ్వచ్చు, కొందరిలో మనసు కుంగవచ్చు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఇంటికొచ్చాక కరెంటు ఎంత ఇవ్వాలో సరిచేయడానికే కొన్ని నెలలు పడుతుంది, చాలాసార్లు రావాలి. ఆ ఓపిక ఇంట్లో అందరికీ ఉండాలి.

ఇంటికెళ్లాక ఓ నోటుపుస్తకం తీసుకోండి. వారం రోజులు ప్రతి అరగంటకూ ఆన్, ఆఫ్, ఊగడం, నిద్ర, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి రాయండి. వచ్చేటప్పుడు అది తెండి. ఒక గంట మాట్లాడినా తెలియనిది ఆ పేజీల్లో నాకు కనిపిస్తుంది.

ఇప్పటికే ఆపరేషన్ అయినవాళ్లకు ఒక్క మాట. మోకాళ్ల నొప్పికి ఫిజియోథెరపీకి వెళ్తే, డయాథర్మీ అనే కరెంటు కాపడం ఒంట్లో ఎక్కడా పెట్టించుకోవద్దు. ఆ వేడి వైరు చివర మెదడును కాల్చేయగలదు. ఒంట్లో డీబీఎస్ ఉందని చెప్పే మీ కార్డు ఎప్పుడూ జేబులో ఉంచుకోండి, ఏ చికిత్సకైనా ముందు అది చూపించండి.

ఇక అడగండి. ముందు వరసలో ఉన్న అమ్మగారు ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతున్నారు, మైకు ఆవిడకు ఇవ్వండి.