యుద్ధానికి ముందు ఒక కారణం, తర్వాత ఇంకొకటి

శ్రోతలకు నమస్కారం.

2004 మార్చి 14న అమెరికా రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ ఒక టెలివిజన్ చర్చలో కూర్చున్నారు. ఇరాక్ మీద దండెత్తి అప్పటికి ఏడాది కావస్తోంది. ఏ సామూహిక విధ్వంసక ఆయుధాల (అణు, రసాయన, జీవ ఆయుధాల) పేరు చెప్పి వెళ్లారో ఆ ఆయుధాలు దొరకలేదు. ఆ ప్రస్తావన రాగానే, ‘తక్షణ ముప్పు’ అన్న మాట తాను అనలేదనీ, అధ్యక్షుడూ అనలేదనీ, కొందరు విమర్శకులే అంటున్నారనీ ఆయన వాదించారు. అన్నట్టు ఆధారముంటే చూపించమన్నారు. పక్కనే ఉన్న పాత్రికేయుడు చదివి వినిపించాడు: సద్దాం హుస్సేన్ పాలన కంటే పెద్దదీ, తక్షణమైనదీ అయిన ముప్పు మరే ఉగ్రవాద రాజ్యం నుంచీ లేదు. అది 2002 సెప్టెంబరులో రమ్స్‌ఫెల్డ్ అన్న మాటే. మంత్రి సూటిగా జవాబు చెప్పలేకపోయారు.

ఆయన ఒక్కరే కాదు. విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ 2001 ఫిబ్రవరిలో కైరోలో మాట్లాడుతూ, సామూహిక విధ్వంసక ఆయుధాల విషయంలో సద్దాం చెప్పుకోదగ్గ సామర్థ్యమేదీ పెంచుకోలేదన్నారు. రెండేళ్లు తిరిగేసరికి, 2003 ఫిబ్రవరి 5న, అదే పావెల్ భద్రతా మండలిలో చిన్న సీసా ఎత్తి చూపి ఆంథ్రాక్స్ అనే ప్రాణాంతక వ్యాధికారక క్రిమి గురించి హెచ్చరించారు. ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఆ పదవికి రాకముందు, 1994లోనే, బాగ్దాద్ దాకా వెళ్తే ఊబిలో దిగినట్టేనని ఒక ఇంటర్వ్యూలో చక్కగా వివరించారు. 2002 ఆగస్టులో మాత్రం సద్దాం దగ్గర ఆ ఆయుధాలున్నాయనడంలో ఏ సందేహమూ లేదన్నారు.

నాయకులు అభిప్రాయం మార్చుకోవడాన్ని నేను తప్పుపట్టను. పరిస్థితులు మారతాయి, కొత్త సమాచారం వస్తుంది. కానీ సైన్యాన్ని పంపింది ఒక కారణం చెప్పి. అది కూలిపోయాక ప్రజాస్వామ్యం కోసమని, నియంతను దించడం కోసమని కొత్త కారణాలు తెచ్చి, మొదటి దానికి జవాబుదారీ ఎవరూ లేకుండా చేయడం నన్ను బాధిస్తుంది. యుద్ధం నాటి బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ 2009లో ఈ మాట బాహాటంగానే ఒప్పుకున్నారు: ఆయుధాలు లేవని ముందే తెలిసినా సద్దాంను తొలగించడమే సరైనదని భావించేవాడినని, అయితే వాదన వేరేగా వినిపించవలసి వచ్చేదని అన్నారు. అంటే నిర్ణయం ముందు, కారణం తర్వాత! ఆ యుద్ధంలో 179 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. ఇరాక్ పౌరులు లక్షకు పైగా పోయారు.

అప్పట్లో అందరూ అలాగే నమ్మారన్నది తరచుగా వినిపించే సమర్థన. అది నిజం కాదు. బ్రిటన్ మంత్రి రాబిన్ కుక్ 2003 మార్చి 17న రాజీనామా చేస్తూ, మామూలు అర్థంలో సామూహిక విధ్వంసక ఆయుధాలనదగినవి బహుశా ఇరాక్ దగ్గర లేవని పార్లమెంటులోనే చెప్పారు. మన లోక్‌సభ ఆ ఏప్రిల్‌లో దాడిని నిరసిస్తూ తీర్మానం చేసింది. అన్నిటికంటే ముఖ్యంగా, ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీదారుల అధిపతి హన్స్ బ్లిక్స్ మార్చి 7న భద్రతా మండలికి ఒక లెక్క చెప్పారు: మిగిలిన తనిఖీలకు ఏళ్లు అక్కర్లేదు, వారాలు చాలవు, నెలలు కావాలి. రెండు వారాలు నిండకుండానే బాంబులు పడ్డాయి. ఆ నెలలు ఆగి ఉంటే, చెప్పుకోవడానికి ఆ కారణమే మిగిలేది కాదు.