జూడో క్లబ్బు ఏడాది ప్లాను: పోటీల కంటే ముందు మ్యాట్ల లెక్క

[తెర మీద: ఖాళీ హాలు, పరిచిన మ్యాట్లు, పైనుంచి షాట్]

వచ్చే ఏడాది ప్లాను అనగానే చాలా క్లబ్బుల్లో ముందుగా కాగితమెక్కేది పోటీల జాబితా. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. మీ మ్యాట్ల మీద ఒకేసారి ఎంతమంది దెబ్బ తగలకుండా పడగలరు? ప్లాను అక్కడ మొదలవ్వాలి.

మ్యాట్ మామూలుగా మీటరు వెడల్పు, 2 మీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల మందం ఉంటుంది. 32 మ్యాట్లు పరిస్తే 64 చదరపు మీటర్లు. నిలబడి రాండోరి (స్వేచ్ఛగా తలపడే సాధన ఆట) ఆడే ఒక్కో జంటకి కనీసం 8 చదరపు మీటర్లు వదలండి. కాగితం మీద 8 జంటలు పడతాయి. కానీ అంచున ఆడే జంట గోడ వైపు దొర్లుతుంది, కాబట్టి 6 జంటల్నే దింపి, మిగతావాళ్లని రౌండు రౌండుకీ మార్చడం మేలు. రాండోరిలో మీ ఎదుటివాడి కంటే పక్క జంటతోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. నిలబడ్డ కాలు మీదికి పక్కనుంచి ఎవరైనా వచ్చి పడితే పోయేది మోకాలు. క్లాసుకి 30 మంది వస్తుంటే సంతోషమే, కాకపోతే రెండో బ్యాచ్ తెరవాలి.

[దగ్గరి షాట్: రెండు మ్యాట్ల మధ్య సందు, అందులోకి జారిన కాలి బొటనవేలు]

ఈ సందు చూడండి. వేలు పట్టేంతే ఉంది. పాదం జరుపుతూ అషి వాజా (కాలితో వేసే త్రో) వేసేవాడి బొటనవేలు ఇందులో ఇరుక్కుంటే, ఒళ్లు తిరుగుతుంది, వేలు తిరగదు. సందులు రెండు కారణాల వల్ల వస్తాయి. చుట్టూ ఫ్రేము లేక బయటి వరుస జరగడం ఒకటి. మ్యాట్ల కింద దుమ్ము చేరి, అడుగున ఉండే జారని పొర పట్టు వదిలేయడం రెండోది. చుట్టూ చెక్క ఫ్రేము బిగించండి. మూడు నెలలకోసారి మ్యాట్లన్నీ ఎత్తి నేల తుడిచే రోజుని ఇప్పుడే క్యాలెండర్లో రాసుకోండి. క్లాసుకి ముందు ఒకరు చెప్పుల్లేకుండా అతుకుల వెంట నడిచి చూడాలి.

[తెర మీద: తెల్ల బెల్టుల వరుస, ఉకేమి సాధన]

ఇక కొత్తవాళ్లు. ఏ రోజు వస్తే ఆ రోజు చేర్చుకోకండి. ఏడాదికి మూడు బ్యాచ్‌లు, ఒక్కోటి 12 వారాలు. లేకపోతే నిన్న చేరినవాడు, రెండు నెలలుగా త్రోలు వేస్తున్నవాడు ఒకే జంటలో పడతారు.

మొదటి నాలుగు వారాలు ఉకేమి (దెబ్బ తగలకుండా పడటం), నే వాజా (నేల మీది ఆట). ఉకేమి ముందు పడుకుని, తర్వాత గొంతుక్కూర్చుని, ఆఖర్న నిలబడి. గడ్డం ఛాతీకి ఆనాలి, చూపు బెల్టు ముడి మీద ఉండాలి, చెయ్యి ఒంటికి 30 నుంచి 45 డిగ్రీల కోణంలో మ్యాట్‌ని కొట్టాలి. భయపడ్డవాడు చెయ్యి వెనక్కి చాచి ఆపుకోబోతాడు, బరువంతా మణికట్టు మీదో మోచేతి మీదో పడుతుంది. ఆ అలవాటు కనిపిస్తే త్రోలకి తొందరపడొద్దు. కేసా గతమే లాంటి, నేల మీద అదిమిపట్టే పట్లు మొదటి రోజే నేర్పొచ్చు. పడే పని లేదు, పైగా ఆడినట్టూ ఉంటుంది. ఉకేమి ఒక్కటే రుద్దితే సగం మంది మూడో వారానికి కనిపించరు.

త్రోలలో ఓ గోషి (తుంటి మీంచి వేసేది) ముందు, ఒసోతో గారి (కాలిని వెనకనుంచి కోసి పడేసేది) బాగా తర్వాత. ఒసోతో గారిలో ఉకే (త్రోకి పడేవాడు) నేరుగా వెనక్కి పడతాడు, ముందుగా నేలకి తగిలే ప్రమాదం తల వెనక భాగానికే. అలసిపోయాక కూడా వరసగా 20 వెనక ఉకేమిలు తల తగలకుండా చేస్తేనే ఆ త్రోకి ఉకేగా నిలబెట్టండి. తలకి దెబ్బ తగిలితే, వాడు బాగానే ఉన్నానన్నా, ఆ రోజుకి మ్యాట్ దిగాల్సిందే. డాక్టరు చూశాక మెట్లు మెట్లుగా వెనక్కి రావాలి, ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు. రాండోరి ఆఖరి మెట్లలోదే.

[తెర మీద: క్యాలెండర్, వెనక్కి కదిలే బాణం]

ఇప్పుడు పోటీలు. ముఖ్యమైనవి రెండు, మహా అయితే మూడు ఎంచుకుని, ఒక్కోదాన్నుంచి 12 వారాలు వెనక్కి లెక్కపెట్టండి. మొదటి ఐదు వారాలు బలం, ఉచికోమి (పడేయకుండా త్రోలోకి దూరడాన్ని పదే పదే సాధన చేయడం). తర్వాతి ఐదు వారాలు గట్టి రాండోరి. చివరి పది పన్నెండు రోజులు సాధన సగానికి తగ్గించాలి, వేగం మాత్రం తగ్గకూడదు. చాలామంది తగ్గించడానికి భయపడి, అలసిన కాళ్లతో పోటీకి వెళ్తారు.

పెద్దల బౌట్ 4 నిమిషాలే అయినా, స్కోర్లు సమమైతే నడిచే అదనపు ఆట గోల్డెన్ స్కోర్‌కి సమయ పరిమితి లేదు. అందుకే వారానికోసారైనా 4 నిమిషాల రౌండ్ అయిన వెంటనే ఇంకో 3 నిమిషాలు ఆడించండి. 2025లో అంతర్జాతీయ నిబంధనల్లోకి యూకో (అన్నిటికంటే చిన్న స్కోరు) మళ్లీ వచ్చింది. నేల మీద అదిమిన పట్టు 5 సెకన్లు నిలిస్తే యూకో, 10 నిలిస్తే వాజా అరి (సగం గెలుపు), 20 నిలిస్తే ఇప్పన్ (పూర్తి గెలుపు). ఇంతకు ముందు 8 సెకన్లకి జారిపోయిన పట్టుకి ఏమీ రాలేదు, ఇప్పుడు స్కోరు వస్తుంది. నే వాజాకి కేటాయించే సమయం పెంచడానికి ఇదే కారణం చాలు. పిల్లల పోటీల్లో నియమాలు వేరుగా ఉండొచ్చు, మీ సమాఖ్య పత్రం చూసుకోండి.

బరువు విభాగం కూడా ఆ 12 వారాల ముందే తేలాలి. 84 కిలోలున్నవాడు 81లో ఆడాలంటే తిండి సర్దుకోవడానికి టైముంది. చివరి వారంలో నీళ్లు మానేసి దిగితే బరువు దిగుతుంది, చేతి పట్టూ దిగుతుంది. ఎదిగే పిల్లల్ని బరువు తగ్గమని అననే వద్దు.

[తెర మీద: నాగే నో కతా జంట]

గ్రేడింగ్ (బెల్టు పరీక్ష) తేదీలు పోటీలకి కనీసం నెల దూరంగా పెట్టండి. బ్లాక్ బెల్టుకి నాగే నో కతా (జంటగా, ఖాయమైన వరసలో చూపే త్రోలు) అడిగేచోట, జంటని ఏడాది మొదట్లోనే ఖాయం చెయ్యండి. ఐదు సెట్లు, 15 త్రోలు, ఒక్కోటి కుడివైపు, ఎడమవైపు. మొదటిదైన ఉకి ఒతోషిలోనే దూరం కుదరక చాలా జంటలు తడబడతాయి. మధ్యలో ఉకే మారితే ఆ దూరం మళ్లీ మొదట్నుంచీ కుదుర్చుకోవాలి.

జూడోగి (జూడో దుస్తులు) సంగతి ఒక్క మాట: నూలు బట్ట ఉతికితే కుంచించుకుపోతుంది. పోటీకి నెల ముందే తొడిగి, చేతులు ముందుకు చాపి, స్లీవ్ మణికట్టు దాకా ఉందో లేదో చూసుకోండి.

చివరగా సెలవులు. రెండు మూడు వారాలు మూతపడ్డాక మొదటి వారం ఉకేమి, ఉచికోమి, నే వాజాలతో సరిపెట్టి, నిలబడి రాండోరిని రెండో వారానికి జరపండి. కోచ్ రాని రోజు క్లాసు ఎవరు తీసుకుంటారో, ఆ రోజు ఏవి నేర్పకూడదో కూడా అదే కాగితం మీద రాసి హాలు తలుపుకి అంటించండి.