మంచులో మాగిన నార

పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఈ దుప్పటిని ముందు వరస నుంచి వెనక్కి పంపుతున్నా. చేత్తో నలిపి చూడండి. ముడత పడితే పడనీండి, అది దాని గుణం.

1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో దుప్పటి గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టే. కానీ ఇది పత్తి కాదు, లినెన్. అంటే అవిసె నార. మోకాళ్ల నొప్పులకని ఈమధ్య మనం పొడి కొట్టుకు తింటున్న గింజలున్నాయే, ఆ మొక్కే. అవిసాకు వండుకునే చెట్టు వేరు, రెండూ కలపొద్దు. గింజల రకం పొట్టిగా కొమ్మలేస్తుంది. నార రకాన్ని బాగా ఒత్తుగా విత్తుతారు. దాంతో కొమ్మలకు చోటుండదు, ఒంటి కాడే మీటరు దాకా లేస్తుంది.

ఈ నార ఎక్కువగా పండేది ఫ్రాన్స్‌లో, సముద్రం పక్కనున్న నార్మండీ వైపు. మార్చి, ఏప్రిల్‌లో విత్తితే సుమారు వంద రోజుల్లో చేతికొస్తుంది. నీలం పువ్వు పొద్దున విచ్చి మధ్యాహ్నానికి రాలిపోతుంది. చాలావరకు వాన మీదే పంట. యూరియా దండిగా వేస్తే కాడ పెరిగి పడిపోతుంది కాబట్టి రైతే చెయ్యి బిగబడతాడు. ఒకసారి వేసిన చేలో మళ్లీ ఆరేడేళ్ల దాకా వేయడు. పంటను కోయరు, వేళ్లతో సహా పీకుతారు. కోస్తే నార పొడుగు తగ్గుతుంది కదా.

అసలు పని ఇక్కడే ఉంది. పీకిన కాడల్ని చేలోనే పరుస్తారు. రాత్రి మంచు, పగటి ఎండ, మధ్యమధ్య ఓ వాన. బూజు, సూక్ష్మజీవులు కలిసి కాడలో నారను అంటించి పట్టుకున్న జిగురును కొన్ని వారాలపాటు తింటాయి. మధ్యలో తిరగేస్తారు. తక్కువ మాగితే నార విడిరాదు, ఎక్కువ మాగితే పోగు పుచ్చిపోతుంది. మన దగ్గర కిత్తనారను గుంతలో మురగబెట్టినవాళ్లకు ఆ కంపు గుర్తుండే ఉంటుంది. బెల్జియంలోనూ ఒకప్పుడు కాడల్ని లీస్ నదిలో నానబెట్టేవారు. నీళ్లు పాడై చివరికి ఆపించారు. మంచులో మాగబెడితే ఆ బాధ లేదు. మీ చేతిలో దుప్పటికున్న బూడిద రంగు అద్దకం కాదు, ఆ మాగుడు రంగే. తెల్లగా కావాలంటే బ్లీచింగ్ చేయాలి. పర్యావరణం పేరు చెప్పి మల్లెపువ్వులాంటి లినెన్ అమ్మేవాణ్ని నేనైతే ముందు ఆ సంగతే అడుగుతా.

మనమూ వేయొచ్చు కదా అంటారేమో. శనగ చేలో మంచు పడ్డ రాత్రి పల్చటి గుడ్డ పరిచి, పొద్దున దాన్ని పిండి, శనగాకు పులుపెక్కిన ఆ మంచునీళ్లు పట్టినవాళ్లం మనం. మంచు విలువ మనకు తెలుసు. కానీ ఆ మంచు నాలుగు రోజుల ముచ్చట. నార్మండీ గాలిలో ఉన్న తేమ ఇక్కడ దొరకదు.

మాగిన కాడల్ని మిల్లులో నలగ్గొట్టి, పెంటు, అంటే కాడలోని చెక్కపొట్టు, రాలగొట్టి, దువ్వుతారు. పొడుగు నార దుప్పట్లకు, పొట్టి నార తాళ్లకు, ముతక బట్టకు. పెంటు కూడా పారేయరు, చెక్క అట్టలకు, గుర్రాల కింద పరవడానికి పోతుంది. సన్న నూలు కావాలంటే నారను వేడినీళ్లలోంచి లాగుతూ వడకాలి. మన దేశంలో వడికే మిల్లులున్నాయి, నార మాత్రం ఎక్కువగా అక్కడినుంచే ఓడెక్కి వస్తుంది. ఆ ప్రయాణం ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి.

నేసేవాళ్లకు ఒక్క మాట. లినెన్ కౌంటును, అంటే నూలు సన్నదనం లెక్కను, ‘లీ’లో చెప్తారు. పౌనుకు 300 గజాలైతే ఒక లీ. మన పత్తి కౌంటుకు 840 గజాలు. కాబట్టి 60 లీ అంటే పత్తిలో దాదాపు 21 కౌంటు. అరవై అనగానే సన్నమనుకుని నేనే మోసపోయా.

ఆ నూలుతో పోయిన ఏప్రిల్‌లో పడుగు వేశా. పది గంటల దాకా మగ్గం బాగా ఆడింది. ఎండెక్కేసరికి పోగులు టప్ టప్‌మని తెగడం మొదలు. అతికేలోపు ఇంకో రెండు. నాకేమో టెన్షన్. నాన్న వచ్చి చూసి, ఏమీ అనకుండా రెండు గోనెసంచులు తడిపి పడుగు కింద పరిచి వెళ్లారు. అరగంటకు తెగడం తగ్గింది. లినెన్ పోగు పత్తిలా సాగదు, పొడిగాలికి పెళుసవుతుంది. తడిస్తే మాత్రం ఇంకా గట్టిపడుతుంది. అందుకే ఎన్ని ఉతుకులైనా తట్టుకుంటుంది, చెమటను పీల్చుకుని తొందరగా ఆరుతుంది. మన ఎండాకాలానికి ఇంతకన్నా ఏం కావాలి? ధర సంగతి అడక్కండి, నాకే కొనే స్తోమత లేదు. మీ చేతిలో దుప్పటి అమ్మకానికి నేసింది, తిరిగివ్వండి.

ఆ పడుగు ఇంకా కొంత మగ్గం మీదే ఉంది. చూడాలనుకునేవాళ్లు పొద్దున పదిలోపే రండి. ఆ తర్వాతైతే ఓ గోనెసంచి తడుపుకుని తెచ్చుకోండి.