హ్యామ్‌స్ట్రింగ్ చిరిగేది పరిగెత్తి కాదు, పరిగెత్తక!

తొడ వెనక కండ, అదే హ్యామ్‌స్ట్రింగ్, చిరిగిందంటే చాలు, "బాగా ఎక్కువ పరిగెత్తాడు, అందుకే" అంటారు. కాదండీ! తక్కువ పరిగెత్తాడు, అందుకే చిరిగింది. ఇంకోసారి చెప్తున్నా, గట్టిగా వినండి. ఫుల్ స్పీడు మానేసినవాడి కండే, ఫుల్ స్పీడు కావాల్సిన రోజున చిరుగుతుంది. తిట్టాలనుకునేవాళ్లు కామెంట్లలో తిట్టుకోండి, కానీ వీడియో మొత్తం విన్నాక తిట్టండి.

గొడవేంటో మీకు తెలిసిందే. ఫాస్ట్ బౌలరో స్ప్రింటరో తొడ వెనక చెయ్యి పెట్టుకుని ఆగిపోయిన మరుక్షణం టీవీలో, గ్రౌండు గట్టు మీద, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే పాట. లోడ్ ఎక్కువైంది, స్ట్రెచింగ్ చెయ్యలేదు, రెస్ట్ ఇచ్చి ఉండాల్సింది. 2025 జూలైలో మన వైజాగ్ అమ్మాయి, హర్డిల్స్ రన్నర్ జ్యోతి యర్రాజీ మోకాలి గాయంతో సీజన్ పోగొట్టుకున్నప్పుడు కూడా కొంతమంది ఇదే పాట ఎత్తుకున్నారు. బాబూ, అది మోకాలు! దాని కారణాలు వేరు, దాని వైద్యం వేరు. ఇవాళ నేను మాట్లాడేది తొడ వెనక కండ గురించి మాత్రమే. అన్ని గాయాలనీ ఒకే గాటన కట్టొద్దు, దయచేసి.

సరే, అసలు ఆ కండ ఏ క్షణంలో చిరుగుతుందో చూద్దాం. చాలామంది కాలితో నేలని తన్నేటప్పుడు అనుకుంటారు. ఎక్కువగా అంతకు ముందే జరుగుతుంది. కాలు గాల్లో ముందుకు దూసుకొస్తుంది, తుంటి దగ్గర మడత ఉంటుంది, మోకాలు తెరుచుకుంటూ ఉంటుంది, పాదం ఇంకా నేలని తాకలేదు. ఆ ముందుకు ఎగిరే పిక్కకీ పాదానికీ బ్రేక్ వేసేది హ్యామ్‌స్ట్రింగే. ఒకపక్క సాగుతూనే, ఇంకోపక్క బిగబట్టి లాగాలి. స్ప్రింట్‌లో ఎక్కువగా దెబ్బతినేది బయటివైపున్న బైసెప్స్ ఫెమోరిస్, అందులోనూ దాని పొడవాటి భాగం.

ఇక్కడే అసలు విషయం ఉంది. 80 శాతం స్పీడు నుంచి 100 శాతానికి వెళ్లినప్పుడు ఆ కండ సాగే పొడవు పెద్దగా మారదు. బ్రేక్ వేసే పని మాత్రం అమాంతం పెరిగిపోతుంది. అంటే 80 శాతంలో నెల రోజులు పరిగెత్తినా, 100 శాతంలో వచ్చే ఆ భారం కండకి ఒక్కసారి కూడా పరిచయం కాలేదన్నమాట! జాగింగ్ ఇవ్వదు, సైకిల్ ఇవ్వదు, జిమ్‌లో లెగ్ కర్ల్ మెషీన్ ఇవ్వదు. కూర్చుని కాలి వేళ్లు అందుకునే స్ట్రెచింగ్ అసలే ఇవ్వదు. ఆ భారం ఇచ్చేది ఒక్క ఫుల్ స్పీడు పరుగే.

మన దగ్గర కళ్లముందు కనిపించే ఉదాహరణ చెప్తా. ఏపీ కానిస్టేబుల్ ఈవెంట్స్, అంటే ఉద్యోగానికి పెట్టే ఫిజికల్ టెస్టులు. జనరల్ కేటగిరీ మగవాళ్లకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో, 100 మీటర్లు 15 సెకన్లలో. లెక్క వెయ్యండి. 1600 మీటర్లు 8 నిమిషాలంటే గంటకి 12 కిలోమీటర్లు. 100 మీటర్లు 15 సెకన్లంటే గంటకి 24. సరిగ్గా రెట్టింపు! అదీ సగటే, మధ్యలో పీక్ స్పీడు ఇంకా పైన ఉంటుంది. మన తమ్ముళ్లు ఏం చేస్తారు? మూడు నెలలు తెల్లవారుజామున లేచి రౌండ్లు కొడతారు. రౌండ్లు, రౌండ్లు, రౌండ్లు. 100 మీటర్లకి "అది ఎలాగూ అయిపోతుందిలే" అంటారు. ఈవెంట్ రోజు మూడు నెలల తర్వాత మొదటిసారి ఫుల్ స్పీడు తీస్తారు. 50, 60 మీటర్ల దగ్గర, స్పీడు తారస్థాయికి వచ్చినచోట, టప్పున పట్టేస్తుంది. పడిపోయినవాడిని చూసి గట్టు మీదున్న పెద్దమనిషి "రెస్ట్ తీసుకోవాల్సిందిరా" అంటాడు. ఒళ్లు మండుతుంది నాకు! ఆ కుర్రాడి కండకి ఆ స్పీడు నుంచి మూడు నెలలు రెస్టే కదా దొరికింది!

"మరి బోల్ట్‌కి ఎందుకు చిరిగింది?" అని అడిగేవాళ్లుంటారు. అడగండి, నాకు కావాల్సింది ఆ ప్రశ్నే. 2017 ఆగస్టు, లండన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్, 4x100 రిలే ఫైనల్, చివరి అంచె. బ్యాటన్ అందుకున్నాడు, కాసేపటికే ఎడమ తొడ పట్టేసి కూలిపోయాడు. అథ్లెట్లని లోపల చాలాసేపు నిలబెట్టేశారు, ఒళ్లు చల్లబడిపోయింది అని జట్టు సభ్యుడు యోహాన్ బ్లేక్ మండిపడ్డాడు. అది నిజమే, దాని సంగతి తర్వాత చెప్తా. కానీ ఆ ఏడాది బోల్ట్ లండన్‌కి వచ్చేముందు 100 మీటర్లు ఎన్నిచోట్ల పరిగెత్తాడు? కింగ్‌స్టన్, ఆస్ట్రావా, మొనాకో. అంతే, మూడు మీట్లు. 31 ఏళ్లు నిండబోతున్న శరీరం, రేసులు తక్కువ, నేరుగా ప్రపంచ పోటీలో వరస రౌండ్లు. చలి ఒక్కటే కారణం కాదు, ఖాళీ సీజన్ కూడా కారణమని నా వాదన. ఇది నా అభిప్రాయమే, కానీ దీని మీద నేను గట్టిగా నిలబడతా.

నా మాట ఒక్కటే ఎందుకు? ఐర్లాండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ అనే వాళ్ల సొంత ఆట ఆడేవాళ్ల మీద 2017లో వచ్చిన అధ్యయనం ఉంది. తమ గరిష్ఠ వేగంలో 95 శాతం పైకి క్రమం తప్పకుండా వెళ్లినవాళ్లకి గాయాల ముప్పు తగ్గింది. మరీ తక్కువసార్లు వెళ్లినవాళ్లకీ, మరీ ఎక్కువసార్లు వెళ్లినవాళ్లకీ పెరిగింది. కాబట్టి రేపటి నుంచి రోజూ ఫుల్ స్పీడు కొట్టేయమని నేను చెప్పట్లేదు. అలా చేసి కండ చింపుకుని నా దగ్గరికి రాకండి.

ఎలా చెయ్యాలో చెప్తా, రాసుకోండి. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం 48 గంటలు, 72 అయితే ఇంకా మేలు. రౌండ్లు కొట్టాక కాదు, రౌండ్లకి ముందు. సిమెంటు రోడ్డు వద్దు. మట్టి గ్రౌండు, గడ్డి, దొరికితే సింథటిక్. ముందు 20 నిమిషాల వార్మప్. ఐదు నిమిషాల జాగింగ్, కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపడం, హై నీస్ అంటే మోకాళ్లు పైకెత్తుతూ పరిగెత్తడం, స్కిప్పింగ్ డ్రిల్స్, తర్వాత 40 మీటర్ల పరుగులు నాలుగు, ఒక్కోదానికి స్పీడు పెంచుకుంటూ 60, 70, 80, 90 శాతం. ఆ తర్వాతే అసలు పని. 20, 30 మీటర్లు మెల్లగా స్పీడు అందుకుని, ఆ పైన 20 మీటర్లు అదే వేగంలో నిలపాలి. మొదటి రెండు వారాలు 80 శాతంలో నాలుగుసార్లు. తర్వాతి రెండు వారాలు 90. ఐదో వారం నుంచే 95, 100.

ఒక్కో పరుగుకీ మధ్య నాలుగైదు నిమిషాల విరామం. "అన్నా, ఊపిరి వచ్చేసింది, వెళ్లనా?" అని రెండో నిమిషానికే అడుగుతారు. వద్దు! ఊపిరి వచ్చింది కానీ నరాలకి, కండకి ఇంకా రాలేదు. అలసిన కాలు ముందుకి పడిపోతుంది, పాదం తుంటికి బాగా దూరంగా దిగుతుంది, బ్రేక్ భారం మొత్తం మళ్లీ ఆ కండ మీదే. స్టాప్‌వాచ్ పెట్టుకోండి. 20 మీటర్లకి 2.40 సెకన్లు వస్తున్నవాడికి 2.50 దాటిందంటే ఆ రోజుకి అయిపోయినట్టే. ఇంకొక్కటి అనొద్దు. ఆ ఇంకొక్కటిలోనే చిరుగుతుంది.

దీనికి తోడు నార్డిక్ అనే వ్యాయామం. మెత్తటి గుడ్డ పరిచి మోకాళ్ల మీద నిలబడండి, వెనక ఒకరు చీలమండలు నేలకి అదిమి పట్టుకుంటారు. మోకాలి నుంచి భుజం వరకు ఒకే గీత. మెల్లగా ముందుకి ఒరగాలి, హ్యామ్‌స్ట్రింగ్‌తో వీలైనంతసేపు ఆపుతూ. ఇక ఆగనప్పుడు చేతుల మీద వాలి, చేతులతోనే తోసుకుని పైకి రావాలి. డెన్మార్క్‌లో 50 ఫుట్‌బాల్ జట్ల మీద, 942 మందితో చేసి 2011లో ఫలితాలు ఇచ్చారు. పది వారాల ప్రోగ్రాం, హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు దాదాపు 70 శాతం తగ్గాయి. మొదటి వారం ఒక్కసారే, 2 సెట్లు, ఐదేసి. రెండో వారం రెండుసార్లు, ఆరేసి. మూడో వారం నుంచి మూడుసార్లు, 3 సెట్లు, మెల్లగా పెంచుకుంటూ వెళ్లారు.

మనవాళ్లు చేసే తప్పు ఎక్కడంటే, తుంటిని వెనక్కి మడిచేస్తారు. నడుము దగ్గర వంగి, పిరుదులు వెనక్కి పోయాయంటే కండ మీద భారం సగం ఎగిరిపోయినట్టే. అది నార్డిక్ కాదు, సాష్టాంగ నమస్కారం. ఇంకో తప్పు, మొదటి రోజే 30 కొట్టి రెండో రోజు మెట్లు దిగలేకపోవడం. మూడోది, స్ప్రింట్‌కి ముందు రోజు నార్డిక్ పెట్టుకోవడం. స్ప్రింట్ అయిన రోజే, పరుగు అయ్యాక పెట్టుకోండి. స్పీడు పనితో కలిపి చేసే స్ప్రింటర్‌కి వారానికి రెండుసార్లు, 2 సెట్లు, నాలుగైదు చాలు. డెన్మార్క్‌లో చేసినంత మోత అక్కర్లేదని నా లెక్క.

ఇప్పుడు ఆల్రెడీ చిరిగినవాళ్లు. వినండి తమ్ముడూ, వినండి చెల్లీ, ఇక్కడే అందరూ దెబ్బతింటున్నారు. మొదటి రెండు రోజులు పరుగు ఆపండి, క్రేప్ బ్యాండేజీ చుట్టండి, నొప్పి లేనంత మేరకి నడవండి. నూనె పెట్టి గట్టిగా మర్దనా చేయించుకోవద్దు! లోపల రక్తం కారుతోంది, మీరు దాన్ని ఇంకా పిసుకుతున్నారు. స్ట్రెచ్ కూడా వద్దు. చిరిగినదాన్ని లాగితే అతుక్కుంటుందా? టప్ మని శబ్దం వచ్చి, నడవలేక, కూర్చునే ఎముక దగ్గరే నొప్పి ఉండి, తొడంతా నల్లగా కమిలిందనుకోండి, వెంటనే స్పోర్ట్స్ డాక్టర్ దగ్గరికి వెళ్లి ఎంఆర్ఐ తీయించండి. కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు ఊడిపోయి ఉంటే ఆపరేషన్ విషయం తొలి వారాల్లోనే తేలాలి.

అలాంటిది కాకపోతే, మంచం ఎక్కొద్దు. డెన్మార్క్‌లోనే 2017లో ఇంకో ప్రయోగం వచ్చింది. తొడ, పిక్క కండలు చిరిగిన 50 మంది. సగం మందికి రెండో రోజు నుంచే వ్యాయామం, సగం మందికి తొమ్మిదో రోజు నుంచి. తేడా ఒక్క వారం. ఆటకి తిరిగొచ్చింది ఎప్పుడు? ముందు మొదలుపెట్టినవాళ్లు 62 రోజులకి, ఆగినవాళ్లు 83కి! ఒక వారం రెస్ట్ మూడు వారాలు మింగేసింది. ఇప్పుడు చెప్పండి, రెస్ట్ ఎవరికి మంచిది?

స్వీడన్‌లో ఇంకో ప్రయోగం స్ప్రింటర్లు, జంపర్ల మీదే ప్రత్యేకంగా చేశారు. కండని సాగదీస్తూ బలం పెట్టే మూడు వ్యాయామాలు ఇచ్చినవాళ్లు సగటున 49 రోజులకి ట్రైనింగ్‌కి తిరిగొచ్చారు. మామూలు వ్యాయామాలవాళ్లకి 86 పట్టింది. మూడింటిలో తేలికైనది చెప్తా. వెల్లకిలా పడుకుని, తొడని రెండు చేతులతో నిటారుగా పట్టుకుని, మోకాలిని మెల్లగా తెరవాలి. నొప్పి మొదలయ్యే చోటుకి కాస్త ముందే ఆగాలి. 12 సార్లు, 3 సెట్లు, రోజుకి రెండుసార్లు. రెండోది, ఒంటికాలి మీద నిలబడి, ఇంకో కాలు వెనక్కి చాచి, చేతులు చాచుకుంటూ ముందుకి వంగడం. రోజు విడిచి రోజు, 6 సార్లు, 3 సెట్లు. మూడోది జారే నేల మీద చేసే కష్టమైనది. దాన్ని ఫిజియో ఎదురుగానే నేర్చుకోండి, వీడియో చూసి వద్దు.

ఇక ఆ ఇంజెక్షన్ల సంగతి. సొంత రక్తం తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తామంటారే, పీఆర్పీ. వేలకి వేలు పోస్తున్నారు. నెదర్లాండ్స్‌లో 80 మంది ఆటగాళ్లకి సగం పీఆర్పీ, సగం ఉత్త సెలైన్ ఇచ్చి చూశారు, 2014లో. హ్యామ్‌స్ట్రింగ్ గాయానికి ఏ తేడా లేదు. ఆ డబ్బుతో మంచి ఫిజియో దగ్గరికి నెల రోజులు వెళ్లండి. ఈవెంట్ రోజు పొద్దున్నే పెయిన్ కిల్లర్ వేసుకుని దిగేవాళ్లకి ఒక్క మాట. నొప్పి పోదు, మీకు తెలియకుండా పోతుంది. అంతే.

పది, పదిహేను రోజులకి నొప్పి పోతుంది. అది అతి ప్రమాదకరమైన రోజు. నడిస్తే ఏమీ లేదు, జాగింగ్‌లో ఏమీ లేదు, "తగ్గిపోయింది" అని ఫుల్ స్పీడు తీస్తారు. మళ్లీ చిరుగుతుంది, ఈసారి ఇంకా పెద్దగా. పరీక్ష ఏంటంటే, పడుకుని మోకాలు వంచకుండా కాలిని విసురుగా పైకి ఎత్తండి. నొప్పి మాత్రమే కాదు, భయం వేసినా సరే, ఇంకా సిద్ధంగా లేనట్టే. అది దాటాక కూడా 60 శాతం నుంచి మొదలుపెట్టి, వారానికి పది శాతం చొప్పున పైకి వెళ్లండి.

బ్లేక్ కోపం సంగతి చెప్తానన్నాగా. ఈవెంట్స్‌లో వార్మప్ అయ్యాక అరగంట లైన్లో నిలబెడతారు. కూర్చోకండి. ట్రాక్ ప్యాంటు విప్పకండి. నిలబడ్డచోటే కాళ్లు ఊపండి, ఎగరండి, మీ వంతు ఇంకా ఐదు నిమిషాలుందనగా వీలైతే రెండుసార్లు 20 మీటర్లు 80 శాతంలో కొట్టి రండి.

కింద కామెంట్లలో ఒక్కటి రాయండి. హ్యామ్‌స్ట్రింగ్ చిరిగినవాళ్లు, అది చిరగడానికి ముందు ఆఖరిసారి ఫుల్ స్పీడులో పరిగెత్తి ఎన్ని రోజులైందో అంకె వెయ్యండి. నన్ను తప్పని నిరూపించే అంకెలైనా సరే, వెయ్యండి. అన్నీ చదువుతా.