కలంకారీ కళాకారుల్ని ఇంటర్వ్యూ చేయడం ఎలా? డిజైన్ స్టూడెంట్స్ కోసం

(తెర మీద: వెదురు కలం పట్టుకున్న చెయ్యి, దగ్గర నుంచి)

నమస్తే ఫ్రెండ్స్. డిజైన్ కాలేజీల్లో క్రాఫ్ట్ డాక్యుమెంటేషన్ అని, అంటే ఒక చేతిపని ఎలా జరుగుతుందో చూసి, అడిగి రాసే ప్రాజెక్ట్ ఒకటి ఇస్తారు కదా. అది చేతికి రాగానే చాలామంది ఒక గూగుల్ ఫామ్ తయారుచేసి, పది ప్రశ్నలు పడేసి, నంబర్ దొరికిన ప్రతి కళాకారుడికీ ఫార్వర్డ్ చేసేస్తారు. జవాబు రాలేదని టెన్షన్ పడతారు. ఎలా వస్తుంది చెప్పండి? పొద్దున్నుంచి రంగుల్లో చేతులు పెట్టుకుని కూర్చునే మనిషి మీ ఫామ్ నింపుతూ కూర్చోరు కదా. అందుకే ఇవాళ ఒక్క ఊరినే తీసుకుని చెప్తాను. శ్రీకాళహస్తి. అక్కడ గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసేవాళ్లని ఎలా కలవాలి, ఏం అడగాలి.

ముందు చదవండి. ఇది తప్పించుకోలేరు. మచిలీపట్నం, పెడన వైపు కలంకారీ అంటే చెక్క అచ్చులతో వేసేది. శ్రీకాళహస్తిలో కలంతో, చేత్తో గీస్తారు. కాళహస్తి ఆర్టిస్టుకి ఫోన్ చేసి "మీ అచ్చులు ఎవరు చెక్కుతారండి?" అని అడిగారనుకోండి, అవతలివాళ్లు మర్యాదగానే జవాబిస్తారు, కానీ మీకు ఎంత తెలుసో వాళ్లకి అక్కడే అర్థమైపోతుంది. ఆ తర్వాత అందరికీ చెప్పే నాలుగు మాటలే మీకూ చెప్తారు.

(తెర మీద: గుడ్డ తడపడం, గీత గీయడం, ఉతకడం, వరుసగా)

పని ఎలా జరుగుతుందో కాస్త చూద్దాం, ఎందుకంటే అడగాల్సినవన్నీ ఇందులోంచే వస్తాయి. నూలు గుడ్డని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. చింతపుల్లల బొగ్గుతో ముందు బొమ్మ గీసుకుంటారు. ఇక కలం. సన్నటి వెదురు పుల్లకి మొన చెక్కి, మొనకి కొంచెం పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్ని రంగుని పీల్చి పట్టుకుంటుంది, వేళ్లతో దాన్ని ఎంత నొక్కితే అంత రంగు మొనకి దిగుతుంది. అంటే గీత సన్నగా రావాలన్నా లావుగా రావాలన్నా ఆ నొక్కుడులోనే ఉంది. నల్ల రంగుకి ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, దాన్ని కసిమి అంటారు. కసిమిలోని ఇనుము గుడ్డలో ఉన్న కరక్కాయతో కలిసి నల్లగా మారుతుంది. పాలలో ఉన్న కొవ్వు వల్ల రంగు పక్కకి పాకదు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, గుడ్డని ఎర్ర రంగులో ఉడకబెడతారు, పటిక తగిలిన చోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. మధ్య మధ్యలో పారే నీళ్లలో ఉతకడం, ఎండలో ఆరేయడం. ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యం పోదు, వంటింట్లో దొరికే సరుకులతో ఇంత కెమిస్ట్రీ నడుస్తోంది!

ఇప్పుడు ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. "మీకు ఇన్‌స్పిరేషన్ ఏంటండి?" అని దయచేసి అడగొద్దు, దానికి ఎవరైనా సరే "దేవుడి దయ, పెద్దల ఆశీర్వాదం" అనే అంటారు, అది మీ రిపోర్టుకి పనికిరాదు. కసిమి తయారైందని దేన్ని చూసి చెప్తారు, వాసనా, రంగా? పాలు ఎక్కువైతే గుడ్డ ఏమవుతుంది? నల్ల గీత తప్పు పడితే ఏం చేస్తారు? ఇలాంటివి అడగండి. జవాబు మాటల్లో చెప్పడం కష్టమై, లేచి వెళ్లి ఒక ముక్క తెచ్చి చూపిస్తారు. అసలు ఇంటర్వ్యూ అక్కడే మొదలవుతుంది. ఇంకొకటి కూడా తప్పకుండా అడగండి: ఈ పని ఇంట్లో నేర్చుకున్నారా, బయటా? 1950లలో ఈ కళ బాగా తగ్గిపోయినప్పుడు చేతివృత్తుల్ని నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. అందుకని వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలిస్తే, వాళ్లు గీసే తీరు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మీకు దారి దొరుకుతుంది.

సరే, మనుషులు ఎక్కడ దొరుకుతారు? లేపాక్షి అనే ప్రభుత్వ హస్తకళల షోరూముల్లో, హైదరాబాద్ శిల్పారామంలో, చేతివృత్తుల ఎగ్జిబిషన్లలో స్టాల్ పెట్టేవాళ్లతో ముందు మాట్లాడండి. ఒక మాట గట్టిగా చెప్తాను. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టి గారిలాంటి పెద్దల పేర్లు ఇంటర్నెట్‌లో తేలిగ్గా దొరుకుతాయి, అందుకే స్టూడెంట్స్ అందరూ పేరున్న ఒకటి రెండు ఇళ్లకే పోతారు. ఈ ఊళ్లో రంగులు నింపే పనిలో ఎంతోమంది ఆడవాళ్లు ఉన్నారు, వాళ్లని కూర్చోబెట్టి అడిగేవాళ్లు తక్కువ. మీరు వాళ్ల దగ్గరికి వెళ్లండి.

(తెర మీద: వాట్సాప్ వాయిస్ మెసేజ్)

ఈమెయిల్ వద్దు. ముందు ఒక చిన్న వాయిస్ మెసేజ్, సాయంత్రం ఫోన్. ఇలా చెప్పొచ్చు: "నమస్కారమండి. నేను హైదరాబాద్‌లో డిజైన్ చదువుతున్నాను. మీరు వేసిన గుడ్డలు ఎగ్జిబిషన్‌లో చూశాను. కలం పట్టే పద్ధతి గురించి కాలేజీ ప్రాజెక్ట్ చేస్తున్నాను. మీకు వీలున్న రోజు వచ్చి రెండు గంటలు కూర్చుని మాట్లాడొచ్చా అండి? మీ టైంకి ఎంత ఇవ్వాలో చెప్పండి." ఆ చివరి వాక్యం మింగేయకండి. మీతో కూర్చున్న రెండు గంటలూ వాళ్ల పని ఆగుతుంది, అది వాళ్ల కూలి. చాలామంది డబ్బులు వద్దంటారు, అప్పుడు చిన్నదైనా ఒక గుడ్డ కొనండి, అడిగిన ధరకే.

ఏ రోజు వెళ్లాలో వాళ్లనే చెప్పమనండి. మంచి ఎండ ఉన్న రోజు ఉతకడం, ఆరేయడంతో ఊపిరాడదు. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలప్పుడు ఊరంతా జనం, ఆ రోజులు వదిలేయండి. తిరుపతి నుంచి 40 కిలోమీటర్ల లోపే కాబట్టి రాకపోకలకి ఇబ్బంది లేదు, వీలైతే వేరే రోజు ఇంకోసారి వెళ్లండి, మొదటిరోజు చెప్పనివి రెండోసారి చెప్తారు.

రికార్డింగ్ గురించి. ముందు అడగండి, ఒప్పుకున్నాకే ఫోన్ ఆన్ చేయండి, ఆ ఒప్పుకున్న మాట కూడా రికార్డులో ఉండేలా చూసుకోండి. ఫ్యాన్ కింద ఫోన్ పెడితే తర్వాత ఒక్క ముక్క వినపడదు. ఇద్దరు వెళ్తే మంచిది, ఒకరు మాట్లాడతారు, ఒకరు రాసుకుంటారు. మౌనంగా గీస్తున్నప్పుడు మధ్యలో ప్రశ్న వేయకండి, కలం ఎత్తేదాకా ఆగండి.

ఫొటోల విషయంలో మరీ జాగ్రత్త. ఇంకా అమ్మని డిజైన్‌ని ఫొటో తీసి ఇన్‌స్టాలో పెడితే, దాన్ని చూసి ఎవరో స్క్రీన్ ప్రింట్ వేసి తక్కువ ధరకి అమ్ముకోవచ్చు. ఏది తీయొచ్చు, ఏది బయట పెట్టొచ్చు అని విడివిడిగా అడగండి. పేరు ఎలా రాయాలో కూడా. "స్థానిక కళాకారిణి" అని రాసి ఊరుకోవడం నాకు అస్సలు నచ్చదు, మీ పేరు కవర్ పేజీ మీద ఉన్నప్పుడు ఆవిడ పేరు ఎందుకు ఉండకూడదు? ఆవిడ వద్దంటే సరే, అది వేరే సంగతి.

రిపోర్టు ఎలాగూ ఇంగ్లిష్‌లో ఉంటుంది. వాళ్ల పని గురించి రాసిన భాగం మాత్రం తెలుగులో చెప్పి, వాయిస్ మెసేజ్‌గా పంపండి. పటిక ముందా, కసిమి ముందా లాంటి తప్పులు వాళ్లు విన్న వెంటనే పట్టేస్తారు. జ్యూరీకి, అంటే కాలేజీలో మీ ప్రాజెక్ట్‌ని చూసి మార్కులు వేసే రోజుకి, కనీసం వారం ముందు పంపితే దిద్దుకోవడానికి టైం ఉంటుంది.