ఫోటోలో కొంత భాగమే పారదర్శకంగా: గింప్‌లో లేయర్ మాస్క్

[తెర: పెళ్లి కార్డు డిజైన్. జంట ఫోటో అడుగు అంచు కత్తిరించినట్టు కనిపిస్తోంది]

ఈ ఫోటో అడుగు అంచు చూడండి. అది కార్డు రంగులోకి మెల్లగా కలిసిపోవాలి, ముఖాలు మాత్రం చెక్కుచెదరకూడదు. ఒపాసిటీ స్లైడర్ (ఎంత గట్టిగా కనిపించాలో చెప్పేది) తగ్గిస్తే లేయర్, అంటే ఆ ఫోటో ఉన్న పొర, మొత్తం పలచబడుతుంది కాబట్టి అది పనికిరాదు. ఎరేజర్ ఫోటోనే చెరిపేస్తుంది, తర్వాత సరిదిద్దుకోవడం కష్టం. ఇక్కడ వాడాల్సింది లేయర్ మాస్క్. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ గింప్ 2.10లో చేసి చూపిస్తాం.

[తెర: ఫైల్ మెనూ]

కార్డు తెరిచి, ఫైల్ మెనూలో ఓపెన్ యాజ్ లేయర్స్‌తో ఫోటోను దాని పైకి తెచ్చుకోండి. లేయర్స్ ప్యానెల్‌లో ఫోటో మీద రైట్ క్లిక్ చేసి, యాడ్ లేయర్ మాస్క్, అందులో వైట్ ఎంచుకోండి. ఫోటో బొమ్మ పక్కన తెల్లటి డబ్బా వస్తుంది. అదే మాస్క్. అందులో తెలుపు ఉన్నచోట ఫోటో కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట కనిపించదు, బూడిద రంగు ఉన్నచోట పలచగా కనిపిస్తుంది.

[తెర: మాస్క్ డబ్బా దగ్గరగా]

చాలామంది పొరబడేది ఇక్కడే. గీతలు గీసేముందు మాస్క్ డబ్బా మీద ఒకసారి క్లిక్ చేయండి. ఫోటో మీద నల్ల మరక పడిందంటే మీరు మాస్క్ మీద కాదు, ఫోటో మీదే గీస్తున్నారని అర్థం. కంట్రోల్, జెడ్ నొక్కి వెనక్కి రండి. అసలు ఏమీ పడకపోతే ఎక్కడో పాత సెలక్షన్ (ముందు ఎంచుకున్న భాగం) మిగిలి ఉండొచ్చు. షిఫ్ట్, కంట్రోల్, ఏ నొక్కితే అది పోతుంది.

[తెర: గ్రేడియంట్ లాగుతున్న దృశ్యం]

ఇప్పుడు డి నొక్కండి, రంగులు నలుపు తెలుపు అవుతాయి. జి నొక్కితే గ్రేడియంట్ టూల్ వస్తుంది, ఇది ఒక రంగు నుంచి ఇంకో రంగులోకి మెల్లగా మారేలా నింపుతుంది. ఫోటో అడుగు అంచు నుంచి పైకి లాగండి. గీత వంకర పోకుండా కంట్రోల్ పట్టుకోండి. ఎంత పొడవు లాగితే కలయిక అంత మెత్తగా ఉంటుంది, కానీ ముఖాల దాకా పోనివ్వకండి. కుదిరాక ఎంటర్ నొక్కండి.

కుడి అంచు కూడా కలిసిపోవాలంటే? రెండో గ్రేడియంట్ మొదటిదాన్ని తుడిచేస్తుంది. అందుకే లాగేముందు టూల్ ఆప్షన్స్‌లో మోడ్‌ను మల్టిప్లైకి మార్చండి. అప్పుడు రెండూ నిలుస్తాయి.

మేలిముసుగు లాంటి పలచటి బట్టకు గ్రేడియంట్ కన్నా బ్రష్ నయం. పి నొక్కి, అంచు మెత్తగా ఉన్న బ్రష్ తీసుకుని, ఒపాసిటీ 30 దగ్గర పెట్టి నలుపుతో రుద్దండి. మౌస్ వదిలి మళ్లీ రుద్దిన ప్రతిసారీ ఇంకాస్త పలచబడుతుంది. ఎక్కువైతే ఎక్స్ నొక్కి తెలుపుతో రుద్దండి, బట్ట తిరిగి వస్తుంది.

[తెర: ఎక్స్‌పోర్ట్ కిటికీ]

ముందు గింప్ సొంత ఫైల్ రకం ఎక్స్‌సీఎఫ్‌గా సేవ్ చేయండి. మాస్క్ అలాగే ఉంటుంది, రేపు మార్చుకోవచ్చు. కార్డు లేకుండా ఫోటో ఒక్కటే కావాలంటే కింది లేయర్ పక్కనున్న కన్ను గుర్తు ఆపేసి పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. జేపెగ్‌లో పారదర్శకత నిలవదు, ఖాళీ చోట రంగు నిండిపోతుంది. జిఫ్‌లో సగం పారదర్శకత ఉండదు, అంచులు రంపపు పళ్లలా వస్తాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా జత చేయండి, ఫోటోగా పంపితే పారదర్శకత పోతుంది.

పీఎన్‌జీ కిటికీలో, పారదర్శక పిక్సెళ్ల రంగు విలువలను ఫైల్‌లో భద్రపరిచే టిక్ ఒకటి ఉంటుంది. మాస్క్‌తో మరుగుపరిచింది ఎవరిదో ముఖమో, ఫోన్ నంబరో అయితే ఆ టిక్ తప్పకుండా తీసేయండి. లేకుంటే కంటికి కనిపించని ఆ భాగం ఫైల్‌లో ఉండిపోతుంది, తెలిసినవాళ్లు బయటికి తీయగలరు.